జన్యు ఎంపిక, జన్యుమార్పిడి, జన్యు సవరణ

పంట మొక్కల డీఎన్ఏను చదివి, ఎంచుకుని, అవసరమైతే మార్చే పద్ధతులన్నీ వ్యవసాయ జీవసాంకేతికత కిందికి వస్తాయి. ఇవన్నీ ఒకటి కావు. అన్నింటినీ ‘జీఎం’ (జన్యుమార్పిడి) అనేస్తే విత్తనం మంచిచెడ్డల చర్చ మొదట్లోనే దారి తప్పుతుంది. సాంబమసూరి చరిత్రే ఇందుకు రుజువు. 1986లో బాపట్ల నుంచి విడుదలైన ఈ వంగడం (బీపీటీ 5204) మామూలు సంకరణంతో పుట్టింది. గింజ సన్నం, అన్నం రుచి. బ్యాక్టీరియా ఎండాకు తెగులును మాత్రం తట్టుకోలేదు. హైదరాబాద్‌లోని సీసీఎంబీ, వరి పరిశోధన సంస్థ కలిసి ఆ తెగులును అడ్డుకునే మూడు జన్యువులను మరో వరి నుంచి సంకరణం ద్వారానే దీనిలోకి తెచ్చాయి. ప్రతి తరంలో లేత ఆకు ముక్క నుంచి డీఎన్ఏ తీసి, ఆ జన్యువుల ఆనవాళ్లు (మార్కర్లు) ఉన్న మొక్కలనే ఉంచుకుని, వాటిని మళ్లీ సాంబమసూరితో కలిపారు. తెగులు సోకేదాకా ఆగే పని తప్పింది. ఇలా జన్యు ఎంపికతో 2008లో వచ్చిన ఈ ఇంప్రూవ్డ్ సాంబమసూరి జన్యుమార్పిడి పంట కాదు. 2025లో ప్రకటించిన ‘కమల’ (డీఆర్ఆర్ ధాన్ 100) కూడా సాంబమసూరి నుంచి వచ్చిందే, కానీ దారి వేరు. అందులో క్రిస్పర్ అనే డీఎన్ఏ కోత పద్ధతితో వరికి సొంతమైన ఒక జన్యువునే సవరించి, కంకికి గింజలు పెరిగేలా చేశారు. దీన్ని జన్యు సవరణ అంటారు.

జన్యుమార్పిడికి మనకు బాగా తెలిసిన ఉదాహరణ 2002లో అనుమతి పొందిన బీటీ పత్తి. నేలలో ఉండే బాసిల్లస్ తురింజియెన్సిస్ (బీటీ) అనే బ్యాక్టీరియా జన్యువును పత్తిలో చేర్చారు. ఆకు తిన్న పురుగు పొట్టలోని క్షారగుణానికి దాని ప్రొటీన్ చురుకై, పేగు గోడకు అతుక్కుని రంధ్రాలు చేస్తుంది. పురుగు మేత మానేసి చస్తుంది. ఏటా విత్తనం కొనాల్సి రావడానికి ఈ జన్యువే కారణమన్న వాదన బలంగా వినిపిస్తుంది. అది సరికాదు. మన దేశంలో బీటీ ఎక్కువగా హైబ్రిడ్ల రూపంలో వచ్చింది. హైబ్రిడ్ గింజను మళ్లీ విత్తితే తర్వాతి పైరు ఒకే తీరుగా రాదు. బీటీ జన్యువు ఉన్నా లేకున్నా హైబ్రిడ్ స్వభావం అదే. రైతు ఖర్చు మీద ఆవేదన న్యాయమైనదే, కానీ దాన్ని సరైన చోట నిలదీయాలి.

ఏ పేరు పెట్టినా జన్యువులు మారినట్టే కదా, ఈ తేడాలెందుకు అని అడిగేవారున్నారు. పద్ధతి పేరు చూసి విత్తనం సురక్షితమనో ప్రమాదమనో తేల్చలేమన్నంతవరకు వారి మాట నిజం. అయితే ఏం పరీక్షించాలో తేల్చేది ఈ తేడాలే. సవరణలో అనుకోని చోట కోత పడిందేమో వెతకాలి. జన్యుమార్పిడిలో కొత్త ప్రొటీన్‌నూ, పురుగు దానికి అలవాటు పడే తీరునూ గమనించాలి. రెండు బీటీ ప్రొటీన్లున్న బీజీ-2 పత్తిని సైతం గులాబీ రంగు పురుగు తట్టుకోవడం నేర్చింది. బయటి జన్యువు మిగలని సవరణ పంటలకు 2022లో కేంద్రం జీఎం నిబంధనల్లో కొన్నిటి నుంచి మినహాయింపునిచ్చింది కాబట్టి రైతుకు సమాచారం మరింత అవసరం. రకమా, హైబ్రిడా, జన్యువు ఎక్కడిది, ఏ పురుగు మీద పనిచేస్తుందనే వివరాలు విత్తన సంచి మీద స్పష్టమైన తెలుగులో ఉండాలి.