ఒక్క గాజు పలక, అయిదు లక్షల స్లైడులు

కెనడాలోని సస్కటూన్‌లో పుట్టిన ఫొటోగ్రాఫరు కోర్ట్‌నీ మిల్న్ (1943–2010) ‘ప్రెయిరీ లైట్’, ‘ద సేక్రెడ్ ఎర్త్’ వంటి పుస్తకాలతో పేరు పొందాడు. ఆ ఊళ్ళోని సస్కాచెవాన్ విశ్వవిద్యాలయంలో భద్రపరచిన ఆయన చిత్రాలు దాదాపు అయిదు లక్షలు. తన ఇంటి ఈతకొలను ఒక్కదాన్నే ఆయన వేలసార్లు చిత్రించాడు.

అంతకు సుమారు వందేళ్ళ ముందు నిజాము ఆస్థాన ఛాయాగ్రాహకుడు రాజా లాలా దీన్‌దయాళ్ (1844–1905). ఢిల్లీలోని ఇందిరాగాంధీ జాతీయ కళాకేంద్రంలో ఉన్న ఆయన గాజు నెగటివులు 2,857. ఆయన తీసినవన్నీ మిగలలేదన్నది నిజమే. అయినా ఈ రెండు సంఖ్యల మధ్య దూరం ఆలోచింపజేస్తుంది. మొదటివాడికి తొందర ఎక్కువ, రెండవవాడు నిదానస్తుడు అని తేల్చేయడం సులువు, కాని సరికాదు.

దీన్‌దయాళ్ 1870లలో కెమెరా పట్టేనాటికి తడి కొలోడియన్ పద్ధతి వాడుకలో ఉంది. గాజు పలకకు కొలోడియన్ పూసి, వెండి లవణపు ద్రావణంలో ముంచి, తడి ఆరకముందే చిత్రం తీసి కడగాలి. అందుకు దొరికే వ్యవధి నిమిషాలలోనే. మన ఎండలు దాన్ని ఇంకా కుదిస్తాయి. బయటి పనికి చీకటి గుడారం వెంట మోసుకుపోవాలి. తరువాత వచ్చిన పొడి పలకలు ఈ హడావిడిని తగ్గించాయి కాని, గాజు బరువును తగ్గించలేదు. కనుక ఎవరు ఎక్కడ కూర్చోవాలి, నీడ ఎటు పడుతుంది అన్న నిర్ణయాలన్నీ కటకం మూత తీయకముందే జరిగిపోవాలి.

మిల్న్ కాలానికి 36 బొమ్మల రీలు వచ్చింది. అయితే స్లైడు ఫిల్ము వెలుతురు కొలతలో చిన్న పొరపాటును కూడా సహించదు. కెమెరాలోని కొలమానం ప్రతి దృశ్యాన్నీ నడితరం బూడిద రంగుగా లెక్కవేస్తుంది. దాన్ని నమ్మి తీస్తే సస్కటూన్ మంచు మసకబారుతుంది. అందుకే స్లైడులతో పనిచేసేవారు ఒకే దృశ్యాన్ని మూడు నాలుగు కొలతలతో తీసేవారు. ఆపైన వెలుగు బల్ల మీద పరచి, భూతద్దంతో చూసి ఏరేవారు. అంటే, ఎక్కువ తీయడం కూడా జాగ్రత్తే. ఎంపిక చేసే శ్రమ తగ్గలేదు. మీట నొక్కక ముందు నుంచి నొక్కిన తరువాతకు జరిగింది.

చరిత్రకారుడికి ఈ మార్పు ముఖ్యం. గాజు పలక ఫలితాన్ని మాత్రమే చూపుతుంది. ఛాయాగ్రాహకుడు వద్దనుకున్నవి అందులో కనబడవు. స్లైడుల వరుస ఆయన తడబాటును, దారి మార్చుకోవడాన్ని చూపుతుంది. అయితే ఆ వరుసకు తేదీ, స్థలం, పట్టిక ఉన్నప్పుడే అది సాక్ష్యమవుతుంది.

మన ఫోనులలో ఈ రెండు శ్రమలూ లేవు. బిడ్డ తొలిసారి మంచులో నడిచిన రోజున ఎనభై బొమ్మలు తీస్తాం, ఒక్కటీ ఏరం. అమ్మమ్మ పెళ్ళినాటి స్టూడియో ఫొటో ఒక్కటే ఉంటుంది. దాని వెనుక ఊరి పేరు, తేదీ ఉంటాయి. ఆ ఎనభైలో ఏది ఉంచాలో, పక్కన నిలబడింది ఎవరో రేపటి పరిశోధకుడు చెప్పలేడు. ఆ పేర్లు తెలిసిన మనమే, తెలిసి ఉన్నప్పుడే, రాసిపెట్టాలి.