పతకం వెనక నంబరు

1983 జులై. మాస్కో నడిబొడ్డున త్వెర్స్‌కోయ్ బులెవార్. అక్కడి ఒక అపార్టుమెంటు తలుపు తట్టిన పడుచు జంట తాము జర్నలిజం విద్యార్థులమని చెప్పుకుంది. యుద్ధంలో పోరాడినవాళ్ల అనుభవాలు రాసుకోవడానికి వచ్చామంది. ఇంటాయన గియోర్గీ హొలొస్త్యకోవ్, సోవియట్ నౌకాదళంలో వైస్ అడ్మిరల్‌గా చేసి రిటైరైన ఎనభై ఏళ్ల పెద్దమనిషి. పిల్లలు ఇంటికొచ్చి యుద్ధం గురించి చెప్పమంటే ఏ పాత సైనికుడు కాదంటాడు? కూర్చోబెట్టి ఉంటాడు. యూనిఫాం బయటికి తీసి, ఏ పతకం ఎక్కడ వచ్చిందో ఒక్కొక్కటే వేలుపెట్టి చూపించి ఉంటాడు.

వచ్చినవాళ్ల పేర్లు గెన్నాదీ కాలినిన్, ఇన్నా. భార్యాభర్తలు. ఊరు ఇవానొవో. అడ్మిరల్ కథ చెబుతుంటే వాళ్లు ఆ యూనిఫాం మీది బంగారాన్ని లెక్కగట్టుకుంటున్నారు.

జులై 22న అడ్మిరల్‌నూ, ఆయన భార్య నతాల్యానూ వాళ్ల సొంతింట్లోనే ఇనుప కడ్డీతో కొట్టి చంపారు. పతకాలతో సహా నౌకాదళ యూనిఫాం ఎత్తుకుపోయారు.

ఆ యూనిఫాం మీద ఏముందో తెలియాలంటే ఆయన బతుకు తెలియాలి. 1902లో పుట్టాడు. జలాంతర్గాముల మనిషి. పసిఫిక్ మహాసముద్రంలో చేసిన పనికి 1935లోనే లెనిన్ ఆర్డర్ అందుకున్నాడు. 1938లో స్టాలిన్ కాలపు అరెస్టుల్లో ఆయననూ పట్టుకెళ్లి శ్రమ శిబిరానికి పంపారు. హోదా పోయింది, పతకమూ పోయింది. 1940లో నిర్దోషి అని వదిలాక రెండూ తిరిగొచ్చాయి. 1943 ఫిబ్రవరిలో నోవొరోసీస్క్ దగ్గర జర్మన్ల మీదికి మేజర్ కూనికోవ్ దళం దిగినప్పుడు అక్కడి నౌకాస్థావరం ఈయన చేతిలోనే ఉంది. తర్వాత డాన్యూబ్ నది నౌకాదళానికి అధిపతి అయ్యాడు. 1965 మే 7న సోవియట్ యూనియన్ హీరో బిరుదు, దాంతో బంగారు నక్షత్రం, మరో లెనిన్ ఆర్డర్ వచ్చాయి. ఒకే మనిషి పతకాలను ఒకసారి రాజ్యం లాక్కుంది, మరోసారి దొంగలు లాక్కున్నారు. మొదటిసారి మనిషి బతికాడు కాబట్టి అవి తిరిగి ఆయన గుండె మీదికే చేరాయి.

దొంగల లెక్క ఎలా ఉండి ఉంటుందో చూద్దాం. లెనిన్ ఆర్డర్‌లో దాదాపు 28 గ్రాముల బంగారం ఉంటుంది. మధ్యలోని లెనిన్ బొమ్మ ప్లాటినం. హీరో నక్షత్రం ఇరవై గ్రాములు దాటిన మేలిమి బంగారం. రెడ్ స్టార్ ఆర్డర్ వెండిది. అన్నిటికన్నా పైదైన విక్టరీ ఆర్డర్ ప్లాటినం నక్షత్రానికి వజ్రాలు పొదిగింది, దాన్ని ఇచ్చింది ఇరవై సార్లే. కరిగించినా డబ్బే. కరిగించకుండా దొంగచాటుగా సేకరించేవాళ్లకు అమ్మితే ఇంకా ఎక్కువ డబ్బు.

మన నిర్మల్‌లో పాత పతకం తీసుకుని వెండి దుకాణం మెట్లెక్కినా మొదటి లెక్క ఇదే. సేటు గీటురాయి మీద గీస్తాడు, తూకం వేస్తాడు, ఆ రోజు రేటు చెబుతాడు. ఆయన పని ఆయన చేశాడు, తప్పుపట్టలేం. కానీ పతకాలు తెలిసినవాడు తక్కెడ దగ్గరికి పోడు. ముందు వెనక్కి తిప్పుతాడు.

రెడ్ స్టార్ ఒకటి అరచేతిలో పెట్టుకున్నామనుకోండి. అయిదు కొనల ఎర్ర ఎనామిల్ నక్షత్రం, నడుమ తుపాకీ పట్టిన సైనికుడు. వెనక మధ్యలో మర, దానికి గుండ్రటి బిళ్ల బిగించి ఉంటుంది. పక్కన టంకశాల ముద్ర, దాని కింద నంబరు. భూతద్దం పెట్టి కొనల దగ్గర ఎనామిల్ చూస్తారు. పెచ్చు ఊడిందా, వెంట్రుకవాసి బీట ఉందా, ఊడినచోట ఎవరైనా రంగు పూశారా? నిర్మల్ బొమ్మకు రంగు పోతే నకాషీ పనివాడు మళ్లీ వేస్తాడు, బొమ్మకు కొత్త కళ వస్తుంది. పతకానికి అదే పని చేస్తే ధర పడిపోతుంది. ఊడిన పెచ్చును కొనేవాడు క్షమిస్తాడు, పూసిన రంగును క్షమించడు. నంబరు గీకి మళ్లీ చెక్కిన ఆనవాళ్లున్నా, మర తిరిగి అతికించి ఉన్నా అంతే. 1943లో లెనిన్ ఆర్డర్ వంటివి మర నుంచి రిబ్బను మీదికి మారాయి. కాబట్టి నంబరు ఏ కాలానిదో, తగిలించే తీరు ఏ కాలానిదో రెండూ పొసగాలి.

రష్యా జార్ల కాలపు వాటికి పరీక్ష వేరు. బంగారం మీద 56, వెండి మీద 84 అంకె ఉంటుంది. అది ఆ దేశపు పాత తూకం. 56 అంటే మన లెక్కలో 14 క్యారట్లు. 1899 తర్వాతి ముద్రలో కొకోష్నిక్ అనే తలపాగా పెట్టుకున్న స్త్రీ తల కనబడుతుంది. సైనికుల సెయింట్ జార్జి క్రాస్ వెనక మళ్లీ నంబరే.

ఇంత పట్టింపు ఎందుకంటే, రెడ్ స్టార్ ముప్పై లక్షలకు పైగా ఇచ్చారు. నక్షత్రంగా దానికి పెద్ద ధర లేదు. కానీ దాని వెనక నంబరు పట్టుకుని పొదొల్స్క్‌లోని రక్షణ శాఖ దస్తావేజుల్లో వెతికితే ఒక పేరు దొరుకుతుంది. ఏ ఊళ్లో, ఏ రోజు, ఏం చేసినందుకు ఇచ్చారో దొరుకుతుంది. పతకంతోపాటు ఇచ్చిన చిన్న పుస్తకం కూడా ఉంటే విలువ ఎన్నో రెట్లు పెరుగుతుంది. 1944లో ఇద్దరు భారతీయులకూ రెడ్ స్టార్ వచ్చింది: తమిళనాడుకు చెందిన సుబేదార్ నారాయణరావు నిక్కం, పిథోరాగఢ్ వైపు హవల్దార్ గజేంద్ర సింగ్. రాయల్ ఇండియన్ ఆర్మీ సర్వీస్ కోర్‌లో, సోవియట్ సేనలకు సరుకులు చేరవేసిన పనికి ఇచ్చారు. ఆ రెండు నక్షత్రాలకు వెండి రేటు కడతామా?

కాలినిన్ దంపతులకు అర్థం కానిది ఇదే. హొలొస్త్యకోవ్ పతకాలకు విలువ హొలొస్త్యకోవే. ఆయన్ను చంపిన క్షణం నుంచి వాటి మీది నంబర్లు చంపినవాళ్ల మీదే సాక్ష్యాలు. ఇద్దరూ దొరికిపోయారు. గెన్నాదీకి మరణశిక్ష పడింది, ఇన్నాకు జైలు. ఇవాళ్టికీ రష్యాలో ప్రభుత్వ పతకాలు కొనడం, అమ్మడం నేరమే. శిక్షాస్మృతి 324వ సెక్షన్. అయినా సోవియట్ యూనియన్ కూలిన రోజుల్లో పింఛను సరిపోని ముసలివాళ్లు రోడ్డు పక్కన గుడ్డ పరిచి తమ పతకాలు తామే అమ్ముకున్నారు. ప్రపంచ మార్కెట్లో తిరుగుతున్నవాటిలో అలా చేతులు మారినవి ఎన్నో.

మన జిల్లాల్లోనూ పాత పెట్టెల అడుగున తాతల పతకాలు ఉన్న ఇళ్లున్నాయి. మొదటి ప్రపంచయుద్ధపు బ్రిటిష్ వెండి పతకమైతే అంచు చుట్టూ చూడండి: సైనికుడి నంబరు, పేరు, దళం చెక్కి ఉంటాయి. చింతపండు పెట్టి తోమకండి, కొత్త రిబ్బను వేయించకండి. దానితో ఉన్న కాగితం ఎంత చిరిగినా పారేయకండి. అంచు మీది పేరు ఇంట్లో అందరికీ వినబడేలా చదివి, ఆయన ఎవరో చెప్పగలిగిన పెద్దవాళ్లుంటే ఇప్పుడే రాసి పెట్టుకోండి. సేటు దగ్గరికి పోవాలా వద్దా అన్నది ఆ తర్వాత చూసుకోవచ్చు.