వినేవాళ్లకూ ఒక గది కావాలి

కరోనా కాలపు కౌన్సెలింగ్ అనగానే ఫోన్ గుర్తొస్తుంది. ఎదురుగా కూర్చోవడం కుదరక ఫోన్ పట్టుకున్నారు, అంతే కదా అనుకుంటాం. కానీ ఫోన్ కౌన్సెలింగ్‌కి అప్పటికే దాదాపు డెబ్బై ఏళ్ల చరిత్ర ఉంది. 2020లో పోయింది ఆ ఫోన్లు ఎత్తేవాళ్లు కూర్చునే గది. దాని గురించి మాట్లాడినవాళ్లు తక్కువ.

లండన్‌లోని సెయింట్ స్టీఫెన్ వాల్‌బ్రూక్ చర్చిలో చాద్ వారా అనే మతగురువు ఉండేవాడు. ఆ చర్చికి రాకముందు, 1935లో, ఆయన ఒక పద్నాలుగేళ్ల పిల్లకు అంత్యక్రియలు జరిపించవలసి వచ్చింది. రజస్వల అయితే అదేదో సుఖరోగమని భయపడి ఆ పిల్ల ప్రాణం తీసుకుంది. నోరు విప్పి అడగడానికి మనిషి లేకపోయాడు. పద్దెనిమిదేళ్ల తర్వాత, 1953 నవంబరు 2న, చనిపోవాలనిపించేవాళ్ల కోసమే ఆయన చర్చిలో ఫోన్ పెట్టాడు. ఫోన్ చేసేవాళ్లతో పాటు నేరుగా వచ్చేవాళ్లూ ఎక్కువయ్యారు. బయట వేచి ఉన్నవాళ్లకు టీ ఇచ్చి కబుర్లు చెప్పడానికి కొందరు వలంటీర్లను పెట్టుకున్నాడు. కొన్నాళ్లకు ఆయన గమనించిందేమంటే, టీ తాగుతూ వాళ్లతో మనసు విప్పి మాట్లాడాక చాలామందికి ఇక లోపలికి వచ్చే పని ఉండటం లేదు. 1954 ఫిబ్రవరిలో ఫోన్‌ను ఆ వలంటీర్లకే అప్పగించేశాడు. సమారిటన్స్ సంస్థ అలా నిలబడింది. ఒక గురువు తన పీఠాన్ని టీ ఇచ్చేవాళ్లకు వదిలేయడం చరిత్రలో అంత తరచుగా జరిగే పని కాదు.

చదువుకున్న నిపుణుడు కాకుండా మామూలు మనిషి వినాలంటే, ఆ మనిషికి ఒక దన్ను కావాలి. అందుకే సమారిటన్స్‌లో షిఫ్టు పద్ధతి వచ్చింది. ఒంటరిగా కాకుండా తోడుతో కూర్చోవాలి. షిఫ్టు అయ్యాక, ఆ రోజు బాధ్యత చూసే సీనియర్‌తో మాట్లాడి, విన్నవన్నీ అక్కడే దింపేసి ఇంటికి వెళ్లాలి. అవతలివాళ్లు ఎవరో ఇవతలివాళ్లకు తెలియదు, ఇవతలివాళ్ల ఇంటి నంబరు అవతలివాళ్లకు తెలియదు. ఒక చావు కబురు చెవిన పడ్డ వలంటీరు ఫోన్ పెట్టేసి పక్కకు తిరిగితే అక్కడ ఇంకో మనిషి ఉంటాడు. వినేవాళ్లను కాపాడింది శిక్షణ ఎంతో, ఆ పక్క కుర్చీ కూడా అంతే.

ఈ పద్ధతి మన వైపు వచ్చింది మద్రాసు గుండా. 1986లో డాక్టర్ లక్ష్మీ విజయకుమార్ అక్కడ స్నేహ సంస్థను మొదలుపెట్టారు. హైదరాబాదులో 1997లో రోష్ని వచ్చింది. రెండూ వలంటీర్లతో నడిచేవే. అదే మద్రాసులో అదే 1986లో డాక్టర్ సునీతి సోలమన్, ఆమె విద్యార్థిని నిర్మల కలిసి దేశంలో మొదటి హెచ్ఐవి కేసులను బయటపెట్టారు. కౌన్సెలింగ్‌కి రెండో దారి అక్కడ తెరుచుకుంది, అది సర్కారు దారి. 1990ల చివర నుంచి ప్రభుత్వ ఆస్పత్రుల్లో హెచ్ఐవి పరీక్ష, కౌన్సెలింగ్ కేంద్రాలు వెలిశాయి. 2006 నాటికి అవి ఐసీటీసీలు, అంటే సమీకృత కౌన్సెలింగ్, పరీక్ష కేంద్రాలు అయ్యాయి. రక్తం తీయకముందు ఒకసారి మాట్లాడాలి, ఫలితం చేతికిచ్చేటప్పుడు ఇంకోసారి మాట్లాడాలి. భార్యకు ఎలా చెప్పాలి, పిల్లలకు కూడా పరీక్ష చేయించాలా, ఊళ్లో తెలిస్తే ఏం కావాలి, ఇవీ అక్కడి ప్రశ్నలు. వ్యాధి ఎక్కువగా ఉన్న రాష్ట్రాల్లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ఒకటి కాబట్టి మన జిల్లాల్లో ఈ పని చేసినవాళ్లు చాలామంది. మహమ్మారి కాలపు కౌన్సెలింగ్ మనకు కరోనాతో రాలేదు, దానికి ఇరవై ఏళ్ల ముందే ఈ కౌన్సెలర్లు నేర్చుకున్నారు. వాళ్లవి కాంట్రాక్టు ఉద్యోగాలు కావడం వల్లేనేమో, వాళ్ల అనుభవాన్ని పిలిచి అడిగినవాళ్లు తక్కువ.

మూడో పాయ విపత్తులది. భోపాల్ గ్యాస్, 1999 ఒడిశా తుపాను, 2001 గుజరాత్ భూకంపం, 2004 సునామీ. బెంగళూరులోని మానసిక వైద్య సంస్థ నిమ్హాన్స్ నిపుణులు వీటిలో నేర్చిన పాఠం సూటిగా ఉంటుంది. సర్వం పోయినవాడు మన దగ్గరికి రాడు, మనమే వెళ్లాలి. వెళ్లడానికి డాక్టర్లు చాలరు కాబట్టి ఊళ్లోవాళ్లకే తర్ఫీదు ఇవ్వాలి. కేరళ దీన్ని 2018లో కోళికోడ్ నిపా సమయంలోనూ, ఆ ఏడాది వరదల్లోనూ వాడుకుంది. 2020లో అక్కడి జిల్లా మానసిక ఆరోగ్య బృందాలు క్వారంటైన్‌లో ఉన్నవాళ్లకు తామే ఫోన్ చేసి పలకరించాయి. చాద్ వారా పద్ధతిలో ఫోన్ మోగేదాకా ఆగాలి. ఇక్కడ సంస్థే నంబరు తిప్పింది.

2020 మార్చి 25న లాక్‌డౌన్ మొదలైంది. ఫోన్‌లో వైద్యం చేయడానికి తొలిసారి స్పష్టమైన నిబంధనలు ఇచ్చిన టెలిమెడిసిన్ మార్గదర్శకాలు కూడా ఆ రోజువే. నెలాఖరుకల్లా నిమ్హాన్స్ హెల్ప్‌లైన్ పని మొదలుపెట్టింది. ఇలాంటి లైన్లకు వచ్చిన కాల్స్‌లో చాలా సంగతులు పుస్తకాల్లో లేనివి. రేషన్ ఎక్కడ ఇస్తారు? ఊరెళ్లడానికి బండి దొరుకుతుందా? బీపీ మాత్రలు అయిపోయాయి, ఏం చేయాలి? కౌన్సెలరు పక్కన మనస్తత్వశాస్త్రం పుస్తకం కంటే కలెక్టరేట్ కంట్రోల్ రూమ్ నంబరు ఎక్కువ అక్కరకొచ్చిన రోజులవి. వైన్ షాపులు మూతపడటంతో హైదరాబాదు ఎర్రగడ్డ మానసిక వైద్యశాలకు తాగుడు మానలేక వణికిపోతున్నవాళ్లను కుటుంబాలు వరసగా తీసుకొచ్చాయి. మద్యం ఒక్కసారిగా ఆగితే ఫిట్స్ రావచ్చు, మతి చెదిరి ఏదేదో మాట్లాడవచ్చు. ఓదార్పుతో తగ్గే బాధ కాదది. ఫోన్‌లో ఆ లక్షణాలు పసిగట్టి వెంటనే ఆస్పత్రికి పంపడమే కౌన్సెలరు చేయగలిగిన పని.

ఆడవాళ్ల కష్టం ఇంకోలా ఉంది. కొట్టేవాడు రోజంతా ఇంట్లోనే ఉంటే ఫోన్ ఎలా చేస్తారు? జాతీయ మహిళా కమిషన్ ఏప్రిల్ 10న వాట్సాప్ నంబరు ప్రకటించింది, గొంతు పెగలని చోట వేళ్లతోనైనా చెప్పుకోవచ్చని. ఇలాంటి కాల్స్‌లో కౌన్సెలరు అడిగే మొదటి మాట “ఏమైందమ్మా?” కాదు. “ఇప్పుడు మాట్లాడే వీలుందా? పక్కన ఎవరైనా ఉన్నారా? అవును, కాదు అని చెప్తే చాలమ్మా.” ఆవిడ కూరల కొట్టువాడితో మాట్లాడినట్టే “ఆఁ, అవును” అంటూ ఉంటుంది. ఇవతలి మనిషి ఒక్కో ప్రశ్ననూ అవును, కాదులకు సరిపడేలా మలుచుకుంటూ పోతుంది. అవతల గుమ్మం చప్పుడైతే లైన్ కట్ అవుతుంది. తిరిగి చేయకూడదు. ఆ ఫోన్ ఎవరి చేతిలో ఉందో తెలియదు.

ఇవతలి మనిషి సంగతి చూడండి. ఆవిడా ఇంట్లోనే ఉంది. క్లౌడ్ టెలిఫోనీ పుణ్యమా అని సొంత నంబరు బయటపడకుండా కాల్ మొబైల్‌కే వస్తుంది. సాంకేతికంగా అంతా సవ్యంగానే ఉంది. కానీ పక్క గదిలో పిల్లల ఆన్‌లైన్ క్లాసు, వంటింట్లో కుక్కర్ విజిల్. ఆత్మహత్య మాట విన్న చెవితోనే అయిదు నిమిషాల తర్వాత అత్తగారి దగ్గు వినాలి. సాయంత్రం జూమ్‌లో బృందమంతా కలుసుకుని బరువు దింపుకునే ఏర్పాటు కొన్నిచోట్ల జరిగింది. అది గదికి సాటి రాదని నా అభిప్రాయం. బరువు దింపుకోవాల్సింది కాల్ అయిన మరుక్షణం. సాయంత్రానికి అది లోపల గడ్డకడుతుంది. పైగా ఈసారి వినేవాడి ఇంట్లోనూ అదే జబ్బు, అదే భయం. తుపాను బాధితుల దగ్గరికి వెళ్లిన కౌన్సెలరుకు తిరిగి రావడానికి తడవని ఇల్లు ఒకటి ఉండేది.

2020 సెప్టెంబరులో కేంద్రం 13 భాషల్లో కిరణ్ హెల్ప్‌లైన్ తెరిచింది, అందులో తెలుగూ ఉంది. జాతీయ నేర నమోదు సంస్థ లెక్కలో 2019లో 1,39,123 ఉన్న ఆత్మహత్యలు 2020లో 1,53,052కి, మరుసటి ఏడాది 1,64,033కి చేరాయి. అదంతా కరోనా ఖాతాలో వేయలేం గానీ, 2022 బడ్జెట్ ప్రసంగంలో టెలి మానసిక ఆరోగ్యం ప్రస్తావన రావడానికి ఆ నేపథ్యం ఉంది. అదే ఏడాది అక్టోబరు 10న టెలీ మానస్ హెల్ప్‌లైన్ మొదలైంది, నంబరు 14416. రెండేళ్లలోపే 10 లక్షల కాల్స్ దాటాయి. ఇందులో మొదట ఫోన్ ఎత్తేది కౌన్సెలరు, అవసరమైతే సైకియాట్రిస్టుకు కలుపుతారు. కౌన్సెలర్లు మళ్లీ కేంద్రాల్లో, పక్కపక్క కుర్చీల్లో కూర్చుంటున్నారు. 2024 అక్టోబరులో కొన్ని రాష్ట్రాల్లో వీడియో కాల్ కూడా చేర్చారు. కాల్స్ ఎన్నో, భాషలు ఎన్నో ప్రకటనల్లో ఠంచనుగా వస్తాయి. ఒక్కో కౌన్సెలరు షిఫ్టుకు ఎన్ని కాల్స్ వింటున్నారో, విన్నాక ఎవరితో మాట్లాడుతున్నారో కూడా ఆ లెక్కల పక్కనే వేస్తే బాగుండేది.