టేలరు దొరా, జీడిపిక్కా

పదిమందిని చేర్చి పని చేయించడానికి కూడా ఒక శాస్త్రముంది సుమండీ. మానేజిమెంటు చదివే కుర్రాళ్లు అందులో మొట్టమొదట వల్లెవేసే పేరు ఫ్రెడరిక్ టేలరుది. 1911లో ఆయన రాసిన పుస్తకంతో ఈ శాస్త్రం ఒక రూపు కట్టింది. అంతకు 12 ఏళ్ల ముందు, అమెరికాలో బెత్లహామ్ స్టీల్ కంపెనీలో ఇనుప దిమ్మలు మోసే కూలీకి ఎప్పుడు ఎత్తాలో, ఎప్పుడు కూర్చోవాలో గడియారం చూసి చెప్పించాడు. రోజుకు పన్నెండున్నర టన్నుల పని 47 టన్నులకు పెరిగిందని రాసుకున్నాడు. కూలి మాత్రం 1.15 డాలర్ల నుంచి 1.85కి పెరిగింది. లెక్క మీరే వేసుకోండి!

మా జలంత్రకోటకు పలాస ఎంతో దూరం లేదు. ఉద్దానం తోటల పిక్క చాలావరకు చేరేది అక్కడి జీడి ఫాక్టరీలకే. ఆ పని చూసినప్పుడల్లా నాకు టేలరు గుర్తొస్తాడు. పిక్కలు కాల్చేవాళ్లు వేరు, కొట్టేవాళ్లు వేరు, పొట్టు తీసేవాళ్లు వేరు, ఏరేవాళ్లు వేరు. కూలి తూకాన్ని బట్టి. అంతా ఆయన చెప్పినట్టే. ఐతే ఒక చిక్కుంది. తొందరపడితే ఇనుప దిమ్మ విరగదు, జీడిపప్పు విరుగుతుంది. గుండుకున్న ధర బద్దకు లేదు, బద్దకున్నది ముక్కకు లేదు. పైగా పెంకులో ఉన్నది చేతులు బొబ్బలెక్కించే నూనె. వేళ్లకు బూడిద రాసుకొని, పెంకు పగిలి పప్పు మిగిలేటంత దెబ్బే వెయ్యాలి. ఆ ‘ఎంత’ అన్నది గడియారానికి అందదు. తల్లి పక్కన కూర్చుని కూతురు నేర్చుకోవలసిందే.

టేలరు తర్వాత, 1931-32లో, చికాగో దగ్గరి హాథార్న్ ఫాక్టరీలో టెలిఫోను సామాను బిగించే 14 మందిని ఒక గదిలో పెట్టి గమనించారు. ఎక్కువ చేస్తే ఎక్కువ డబ్బొస్తుందని తెలిసీ, వాళ్లు తమలో తాము ఒక హద్దు గీసుకుని అక్కడే ఆగారు. దాటితే రేటు కోస్తారని భయం! పండితులు దీనిమీద పుటలకు పుటలు రాశారు. పిక్కలు కొట్టే ఒకామె నాతో ఒక్క ముక్కలో తేల్చేసింది: “ఎక్కువ కొట్టేస్తే రేపట్నించి అదే లెక్కంటారు బాబూ.”

తర్వాత బాయిలర్లు వచ్చాయి, కోత యంత్రాలు వచ్చాయి. ఆ దెబ్బ నేర్చిన చేతులకు ఎవరూ ఖరీదు కట్టలేదు. పొట్టు తీయడం, ఏరడం మాత్రం ఇంకా చాలాచోట్ల ఆడవాళ్లవే. డబ్ల్యూ 320 రకమంటే పౌనుకు 300 నుంచి 320 పప్పులు. (మనం పౌన్లు మానేసి ఎన్నేళ్లయింది! జీడిపప్పు మాత్రం మానలేదు.) ఏరే ఆమె ఒక్కటీ లెక్కపెట్టదు, ఒక్కటీ తూచదు. చూపు పడీ పడకముందే 320 ఈ బుట్టలోకి, 240 ఆ బుట్టలోకి.