జిమ్ థోర్ప్ పతకాలు: ఆటగాడి సంపాదన ఎవరికి నేరమైంది?



సంక్రాంతి వస్తే మన ఊళ్లలో వాలీబాల్, కబడ్డీ టోర్నమెంట్లు పెడతారు. గెలిచిన జట్టుకు కొంత నగదు ఇస్తారు, కుర్రాళ్లు పంచుకుంటారు. అందులో తప్పేముంది అంటాం. కానీ ఆట ఆడి ఇలాగే కొద్దిపాటి డబ్బు తీసుకున్నందుకు ఒక ఆదివాసీ ఆటగాడి ఒలింపిక్ పతకాలు లాక్కున్నారు. ఆయన పేరు జిమ్ థోర్ప్. దేశం తరఫున ఆడేవాళ్లు సొంతంగా సంపాదించుకోవచ్చా లేదా అనే గొడవ ఇవాళ్టికీ నడుస్తూనే ఉంది. అందుకే ఆ చరిత్ర మనకు తెలిసి ఉండాలి.

థోర్ప్ అమెరికాలోని శాక్ అండ్ ఫాక్స్ తెగవాడు. పెన్సిల్వేనియాలో 1879లో పెట్టిన కార్లైల్ బోర్డింగ్ బడిలో చదివాడు. ఆదివాసీ పిల్లల్ని తెల్లవాళ్లలాగా మార్చడమే ఆ బడి పని. చేరగానే జుట్టు కత్తిరించేవాళ్లు. సొంత భాష మాట్లాడనిచ్చేవాళ్లు కాదు.

1912 స్టాక్‌హోమ్ ఒలింపిక్స్‌లో థోర్ప్ పెంటథ్లాన్, డెకథ్లాన్ రెండింటిలోనూ బంగారు పతకం గెలిచాడు. పది పోటీలు కలిసిన డెకథ్లాన్‌లో, రెండో స్థానంలో నిలిచిన స్వీడన్ ఆటగాడు హ్యూగో వీస్లాండర్ కంటే దాదాపు 700 పాయింట్లు ఎక్కువ తెచ్చుకున్నాడు. ఇక్కడ ఒక విషయం గమనించండి. అమెరికా ఆదివాసులందరికీ పౌరసత్వం ఇచ్చే చట్టం 1924లో గానీ రాలేదు. తన జనం మొత్తాన్ని ఇంకా పౌరులుగా ఒప్పుకోని దేశానికి ఆయన రెండు బంగారు పతకాలు తెచ్చిపెట్టాడన్నమాట.

1913 జనవరిలో ఒక పత్రిక ఓ సంగతి బయటపెట్టింది. 1909, 1910లో థోర్ప్ నార్త్ కరోలినాలో చిన్న లీగుల్లో డబ్బు తీసుకుని బేస్‌బాల్ ఆడాడట. అప్పట్లో కాలేజీ కుర్రాళ్లు చాలామంది ఇదే పని దొంగపేర్లతో చేసేవాళ్లు. థోర్ప్ సొంత పేరుతో ఆడాడు, దొరికిపోయాడు. అభ్యంతరం ఏదైనా ఉంటే ఆటలు ముగిసిన 30 రోజుల్లోపు చెప్పాలని నిబంధన. అప్పటికి దాదాపు ఆరు నెలలైంది. అయినా సొంత దేశపు క్రీడా సంఘమే ఆయన పక్కన నిలబడలేదు. పతకాలు పోయాయి.

అసలు ఈ ‘అమెచ్యూర్’ నియమం ఎక్కడిది? దాని వేళ్లు 19వ శతాబ్దపు ఇంగ్లండులో ఉన్నాయి. అక్కడి పడవ పందేల నియమాల్లో చేతిపనివాళ్లు, కూలీలు అమెచ్యూర్లు కారని రాసిపెట్టారు. బయటికి చెప్పేది ఆట పవిత్రత, లోపల ఉన్నది గేటుకు తాళం. ఆస్తి ఉన్నవాడు డబ్బు తీసుకోకుండా ఎన్నేళ్లయినా ఆడగలడు. రెక్కల కష్టం మీద బతికేవాడు ఎట్లా ఆడతాడు?

థోర్ప్‌తో పాటు 1912లో అవే పోటీల్లో పాల్గొని ఓడిపోయిన ఎవరీ బ్రండేజ్ తర్వాత నిర్మాణ వ్యాపారంలో బాగా సంపాదించాడు. 1952 నుంచి 1972 వరకు అంతర్జాతీయ ఒలింపిక్ కమిటీ అధ్యక్షుడిగా ఉండి, ఆ నియమాన్ని గట్టిగా పట్టుకున్నాడు. 1972 సపోరో శీతాకాల ఒలింపిక్స్‌కు ముందు, స్కీలు తయారుచేసే కంపెనీలతో సంబంధాలున్నాయని ఆస్ట్రియా ఆటగాడు కార్ల్ ష్రాన్జ్‌ను వెనక్కి పంపించాడు. ష్రాన్జ్ ఇంటికి వస్తే వియన్నా వీధుల్లో జనం విరగబడి స్వాగతం పలికారు.

తర్వాత కథ తిరగబడింది. 1985లో ఒలింపిక్ కమిటీయే పెద్ద కంపెనీలకు ప్రపంచవ్యాప్త స్పాన్సర్ హక్కులు అమ్మే పథకం మొదలుపెట్టింది. ఆటగాడు ముట్టుకుంటే మైలపడిన డబ్బు కమిటీ ముట్టుకుంటే మైల కాలేదు! ఆటగాళ్ల మీద ఆంక్ష మాత్రం వేరే రూపంలో మిగిలింది. ఒలింపిక్స్ జరిగే రోజుల్లో ఆటగాళ్లు తమ సొంత స్పాన్సర్ల ప్రకటనల్లో కనిపించకూడదనే 40వ నియమం అదే. 2012 లండన్‌లో చాలామంది అథ్లెట్లు దీనిమీద బహిరంగంగా గొంతెత్తారు. 2019లో జర్మనీ పోటీ నియంత్రణ సంస్థ తప్పుపట్టాక అది మరింత సడలింది.

మన దేశంలోనూ ఈ గొడవ జరిగింది. 2002 చాంపియన్స్ ట్రోఫీ ముందు, అధికారిక స్పాన్సర్లకు పోటీ అయిన కంపెనీల ప్రకటనల్లో ఉండకూడదనే షరతుకు భారత క్రికెటర్లు ఒప్పుకోలేదు. చివరికి రాజీ కుదిరింది. వాళ్లు పెద్ద పేరున్నవాళ్లు, అందరూ కలిసి నిలబడ్డారు. 1992 బార్సిలోనాలో మైకేల్ జోర్డాన్ సంగతీ అంతే. జట్టు జాకెట్ మీద తన స్పాన్సర్‌కు పోటీ కంపెనీ గుర్తు ఉంటే, పైన జెండా కప్పుకుని పతకం తీసుకున్నాడు. ఆయన్ని ఎవరేం చేయగలరు? 1913లో థోర్ప్ ఒంటరి.

థోర్ప్ 1953లో చనిపోయాడు. 1983లో ఆయన పిల్లల చేతికి నకలు పతకాలు ఇచ్చారు, అదీ సహవిజేతగానే. ఏకైక విజేత ఆయనేనని ఒలింపిక్ కమిటీ ఒప్పుకున్నది 2022 జులైలో. అంటే 110 ఏళ్లు పట్టింది.

ఇవాళ మన గురుకులాల నుంచి, స్పోర్ట్స్ స్కూళ్ల నుంచి పిల్లలు రాష్ట్ర స్థాయికి, జాతీయ స్థాయికి వెళ్తున్నారు. రేపు వాళ్ల ముందుకూ ఒప్పందం కాగితాలు వస్తాయి. పేరు, ఫొటో ఎవరు వాడుకోవచ్చు, ఎన్నాళ్లు, సొంతంగా ఏం చేయకూడదు అన్నది అందులో ఉంటుంది. సంతకం పెట్టేముందు ఆ కాగితం చదివి అర్థం చెప్పే మనిషి ఒకరు పక్కన ఉండాలి. మనలో లా చదువుతున్నవాళ్లు, ఇంగ్లీషు బాగా వచ్చినవాళ్లు ఉన్నారు కదా. ఆ పని మనమే చేద్దాం.

జై ఆదివాసీ.