దారి తప్పిన రాకెట్‌కు ఆఖరి ఆజ్ఞ

2010 డిసెంబర్ 25 సాయంత్రం శ్రీహరికోట నుంచి లేచిన జీఎస్‌ఎల్‌వీ-ఎఫ్06 దాదాపు 47 సెకన్లపాటు సవ్యంగానే వెళ్లింది. అంతలో, పైనున్న కంప్యూటర్ నుంచి కింది దశకు ఆదేశాలు మోసుకెళ్లే తీగల కనెక్టర్లు ఊడిపోయాయి. రాకెట్ పక్కకు ఒరిగి ముక్కలవడం మొదలైంది. 64వ సెకనులో రేంజ్ సేఫ్టీ ఆఫీసర్ నేల మీద నుంచి రేడియోలో ‘డిస్ట్రక్ట్’ (పేల్చివేత) ఆజ్ఞ పంపారు. జీశాట్-5పీ ఉపగ్రహంతో సహా శకలాలన్నీ బంగాళాఖాతంలో పడ్డాయి. అందరూ ఆ వైఫల్యం గురించే మాట్లాడుకున్నారు. కానీ రాకెట్ లోపలి తీగలు ఊడిపోయిన ఆ సమయంలో కూడా బయటినుంచి వెళ్లిన ఒక్క మాట చేరవలసిన చోటికి చేరింది. దాన్ని చేర్చిన రేడియో లింకుకు వందేళ్లకు పైబడిన చరిత్ర ఉంది.

ఈ లింకు చేయాల్సిన పనులు రెండు. చెప్పవలసినవాడు చెబితే తప్పక వినాలి. మరెవరు చెప్పినా ససేమిరా వినకూడదు. ఒకటి పెంచబోతే రెండోది తగ్గుతుంది. ఏ చిన్న సంకేతానికైనా స్పందించే రిసీవర్ పొరపాటు సంకేతాన్నీ నమ్మేస్తుంది. ప్రతిదాన్నీ శంకించే రిసీవర్ నిజమైన ఆజ్ఞను కూడా తోసిపుచ్చవచ్చు. ఈ రెండింటి మధ్య సయోధ్య కుదర్చడానికి ఇంజనీర్లు పడిన పాట్లే దీని పుట్టుపూర్వోత్తరాలు.

నాంది నికోలా టెస్లాది. 1898లో న్యూయార్క్ మాడిసన్ స్క్వేర్ గార్డెన్‌లో ఆయన ఒక చిన్న పడవను తీగలేవీ లేకుండా దూరం నుంచి నడిపి చూపించారు. ఇంకెవరైనా అదే తరంగం పంపితే పడవ వాళ్ల మాట కూడా వింటుందన్న చిక్కు ఆయనకు తెలుసు. 1903లో వచ్చిన ఆయన పేటెంట్లలో దానికి పరిష్కారం కనిపిస్తుంది: రెండు వేర్వేరు ఫ్రీక్వెన్సీలు ఒకేసారి అందితేనే యంత్రం కదలాలి. ఒక్కటే వస్తే ఊరకుండాలి.

ఆ చిక్కు ఎంత పెద్దదో రెండో ప్రపంచ యుద్ధం చూపించింది. 1943లో జర్మన్లు రేడియోతో నడిచే ఫ్రిట్జ్ ఎక్స్ బాంబుతో ఇటలీ యుద్ధనౌక రోమాను ముంచేశారు. మిత్రరాజ్యాలు ఆ బాంబుల రేడియో తరంగాలను పసిగట్టి, అదే ఫ్రీక్వెన్సీలో రొద సృష్టించి వాటిని దారి తప్పించే జామర్లను ఓడలకెక్కించాయి. రేడియో ఆజ్ఞను ఎవరైనా చెడగొట్టగలరని రుజువైపోయింది.

యుద్ధం ముగిసింది, రాకెట్లు మిగిలాయి. 1947 మే 29న అమెరికాలోని న్యూమెక్సికో రాష్ట్రం వైట్ శాండ్స్ నుంచి వీ-2ను మార్చి తయారు చేసిన రాకెట్ ఒకటి ఎగిరింది. అది ఉత్తరానికి వెళ్లాలి. గైరోస్కోపు లోపంతో దక్షిణానికి తిరిగి, ఎల్ పాసో నగరం మీదుగా సరిహద్దు దాటి, మెక్సికోలోని హువారెజ్ శివార్లలో ఒక శ్మశానం దగ్గర కూలింది. దాదాపు 15 మీటర్ల వెడల్పు గుంత పడింది. ఎవరికీ ఏమీ కాకపోవడం కేవలం అదృష్టం. అమెరికా తర్వాతి ప్రయోగ కేంద్రానికి కాలిఫోర్నియాలో చోటు చూసుకుంది. అయితే తమ భూభాగం మీదుగా క్షిపణులు పోనిచ్చేది లేదని మెక్సికో తేల్చి చెప్పింది. దాంతో ఎదుట అట్లాంటిక్ తప్ప మరేమీ లేని ఫ్లోరిడా తీరంలోని కేప్ కెనావరల్‌కు యోగం పట్టింది. 1950 జూలై 24న అక్కడ తొలి రాకెట్ లేచింది.

తొలినాళ్లలో అక్కడి కాపలా పద్ధతి చాలా సాదాగా ఉండేది. ఒక చట్రానికి తీగలు బిగించి, పరిశీలకుడు దాని వెనుక నిలబడి వాటి మధ్య నుంచి పైకి లేచే రాకెట్‌ను చూసేవాడు. రాకెట్ తీగ దాటి పక్కకు జరిగితే వెంటనే సేఫ్టీ ఆఫీసర్‌కు చెప్పేవాడు. తర్వాత రాడార్లు వచ్చాయి, కంప్యూటర్లు వచ్చాయి. ఈ క్షణాన ఇంజిన్ ఆగిపోతే రాకెట్ ఎక్కడ పడుతుందన్నది తెర మీద ఒక చుక్కగా కదులుతూ కనిపిస్తుంది. జనావాసాలను కాపాడుతూ పటం మీద ముందే గీసిన హద్దును ఆ చుక్క తాకబోతోందంటే, ఇక ఆజ్ఞ ఇవ్వాల్సిందే. శ్రీహరికోటలోనూ ఇదే సూత్రం. అక్కడి నుంచి ధ్రువకక్ష్యకు పోయే పీఎస్‌ఎల్‌వీ నేరుగా దక్షిణానికి వెళ్లకుండా శ్రీలంకను తప్పించుకుంటూ మలుపు తిరగడానికి కారణమూ ఈ జాగ్రత్తే.

ఆజ్ఞ ఇస్తే సరిపోదు, అది అందాలి. 1956 డిసెంబర్‌లో కెనావరల్ నుంచి వెళ్లిన స్నార్క్ క్షిపణి పేల్చివేత ఆజ్ఞలను ఖాతరు చేయకుండా దక్షిణానికి సాగిపోయి బ్రెజిల్ అడవుల్లో పడింది. 1982లో గానీ దాని శకలాలు దొరకలేదు. ఆజ్ఞ తప్పక అందేలా రిసీవర్లు, బ్యాటరీలు జంటగా అమర్చడం ఆనవాయితీ అయింది. 1962 జూలై 22న శుక్రగ్రహానికి బయల్దేరిన మారినర్-1 దారి తప్పినప్పుడు 293వ సెకనులో ఆజ్ఞ అందింది. మరో ఆరు సెకన్లు గడిచి రాకెట్ దశ విడిపోయి ఉంటే, దాన్ని పేల్చే వీలే ఉండేది కాదు.

ఇక రెండో పని, పరాయివారి మాట వినకపోవడం. చాలాకాలం ఈ ఆజ్ఞలు టోన్లుగా వెళ్లేవి. అంటే ఎఫ్ఎం తరంగం మీద కొన్ని నిర్ణీత స్వరాలు. ఒక కలయికకు ‘సిద్ధం కా’, మరో కలయికకు ‘పేలిపో’ అని అర్థం. ఎఫ్ఎం రిసీవర్ బలమైన తరంగానికే కట్టుబడుతుంది కాబట్టి, ప్రయోగానికి ముందు నుంచే శక్తిమంతమైన ట్రాన్స్‌మిటర్‌ను ఆపకుండా నడిపి రిసీవర్‌ను తమ గుప్పిట్లో ఉంచుకునేవారు. టెస్లా జంట ఫ్రీక్వెన్సీల ఆలోచన ఈ స్వరాల్లో మళ్లీ ప్రాణం పోసుకుంది. అయితే స్వరాలు ఏవన్నది ప్రమాణ పత్రాల్లో రాసే ఉంటుంది. ఊరందరి దగ్గరా తాళంచెవి ఉన్న ఇల్లు లాంటిదది.

మనుషులను మోసిన స్పేస్ షటిల్‌కు అది పనికిరాలేదు. ఆ వ్యవస్థలో ఏడు స్వరాల నుంచి రెండేసి చొప్పున 21 జతలు చేశారు. ఒక్కో జత ఒక్కో అక్షరం. అలాంటి 11 అక్షరాలు వరుస తప్పకుండా అందితేనే ఆజ్ఞ చెల్లేది. ఊహించి పంపాలంటే లక్షల కోట్ల అవకాశాల్లో ఒకటి తగలాల్సి వచ్చేది. 1986 జనవరి 28న చాలెంజర్ విచ్ఛిన్నమయ్యాక దిక్కూదరీ లేకుండా ఎగురుతున్న రెండు బూస్టర్లను 110వ సెకను ప్రాంతంలో పేల్చినది అలాంటి ఆజ్ఞే. 2000 తర్వాత అమెరికా ప్రయోగ కేంద్రాలు స్వరాలను వదిలి డిజిటల్ సందేశాల వైపు కదిలాయి. వాటికి ట్రిపుల్ డీఈఎస్ అనే ఎన్‌క్రిప్షన్‌తో తాళం వేశారు.

అంత చేసినా లింకు మీద ఆధారపడటంలో ఉన్న బలహీనత పోలేదు. 2017 మే 25న న్యూజిలాండ్ నుంచి తొలిసారి ఎగిరిన ఎలక్ట్రాన్ రాకెట్‌లో ఏ లోపమూ లేదు. నేల మీది పరికరంలో తప్పుగా ఉంచిన సెట్టింగ్ వల్ల సమాచారం తెగిపోయింది. రాకెట్ ఎక్కడుందో తెలియకపోతే నియమం ప్రకారం ఆపేయాలి, ఆపేశారు. అదే ఏడాది ఫిబ్రవరి 19న ఫాల్కన్-9 మరో దారి చూపింది. హద్దులను రాకెట్ లోపలి కంప్యూటర్‌లోనే ముందుగా నింపి, తన స్థానాన్ని తానే లెక్కగట్టుకుని, హద్దు దాటితే తనను తాను ముగించుకునే ఏర్పాటు అది. జామ్ చేయడానికి, అపహరించడానికి అక్కడ రేడియో ఆజ్ఞే ఉండదు. అలాగని అన్నీ తీరిపోలేదు. 2023 ఏప్రిల్ 20న స్టార్‌షిప్‌లో ఆ వ్యవస్థ పనిచేసినా, రాకెట్ విచ్ఛిన్నం కావడానికి అనుకున్నదానికన్నా చాలా ఎక్కువ సమయం పట్టింది.

మన దేశంలోనూ రాకెట్లు ఇక ఒక్క ప్రభుత్వ సంస్థవే కావు. హైదరాబాద్‌లో తయారైన విక్రమ్-ఎస్ 2022 నవంబర్‌లో శ్రీహరికోట నుంచి ఎగిరింది. 2024 మేలో అక్కడే ఎగిరిన చెన్నై సంస్థ అగ్నికుల్ రాకెట్ కోసం దారి తప్పితే ప్రయాణాన్ని ముగించే ఈ వ్యవస్థను ఇస్రో సమకూర్చింది. ప్రయోగాలు పెరిగేకొద్దీ ఈ వ్యవస్థ మీద ఖర్చు తగ్గించుకోవాలన్న ఆశా పెరుగుతుంది. అక్కడే మనం గట్టిగా నిలబడాలి. ఆజ్ఞ నేల నుంచి వెళ్లినా, రాకెట్‌లోనే పుట్టినా, హద్దు ఎక్కడ గీయాలో ముందే నిర్ణయించేది మనిషి. ఆ హద్దుకు ఇవతల ఉన్న పల్లెకారుడికి రాకెట్ లాభనష్టాలతో సంబంధం లేదు. అతని ప్రాణానికి పూచీ ఇవ్వలేని రాకెట్‌కు, ఎంత గొప్పదైనా సరే, ఎగిరే హక్కు లేదు.