పాత ఫోటో చెప్పే సాక్ష్యం: టాటానగర్ బళ్ల కథ

జంషెడ్‌పూర్ అనగానే అందరికీ గుర్తుకొచ్చేది ఉక్కు. ఫౌజీ సోదరులకు మాత్రం ఇంకొకటి కూడా గుర్తుకు రావాలి. అది బండి. రెండవ ప్రపంచ యుద్ధంలో మన జవాన్లు ఎక్కి తిరిగిన ఒక కవచ వాహనానికి ఈ ఊరి రైల్వే స్టేషన్ పేరే స్థిరపడింది. యుద్ధం ముగిసిన తరువాత దేశమంతా తిరిగిన టాటా లారీ కూడా ఇక్కడే పుట్టింది. ఈ రెండు బళ్ల చరిత్రనూ, పాత బండిని బాగుచేసి నిలబెట్టేటప్పుడు ఫ్యాక్టరీ ఫోటోలు ఎలా సాక్ష్యం చెబుతాయో, ఎక్కడ మోసం చేస్తాయో కూడా ఈ వ్యాసంలో వివరించడానికి ప్రయత్నిస్తాను. నేను చరిత్రకారుణ్ణి కాను. ఈ.ఎం.ఇ.లో వెహికల్ మెకానిక్‌గా చేరి సుబేదారుగా రిటైర్ అయినవాణ్ణి. స్పానర్ పట్టిన చేత్తోనే ఈ సంగతులు నేర్చుకున్నాను.

ఊరికి పేరు, బండికి పేరు

టాటా ఐరన్ అండ్ స్టీల్ కంపెనీ 1907లో ఏర్పడింది. సాక్చి అనే పల్లె దగ్గర కార్ఖానా కట్టి, 1912లో మొదటి ఉక్కు తీశారు. మొదటి ప్రపంచ యుద్ధంలో మెసొపొటేమియా తదితర రంగాలకు రైలు పట్టాలు ఇక్కడి నుంచే వెళ్లాయి. ఆ సేవకు గుర్తింపుగా 1919 జనవరిలో వైస్రాయ్ లార్డ్ చెమ్స్‌ఫర్డ్ ఈ ఊరికి జంషెడ్‌జీ టాటా పేరు మీద జంషెడ్‌పూర్ అని నామకరణం చేశాడు. కాలిమాటి స్టేషన్ టాటానగర్ అయింది. అంటే ఈ ఊరి పేరు వెనుకే ఒక యుద్ధం ఉంది.

రెండవ యుద్ధం వచ్చేసరికి మన సైన్యానికి కవచ వాహనాల కొరత చాలా ఎక్కువగా ఉండేది. బ్రిటన్‌కే చాలనప్పుడు ఇండియాకి ఎవరు పంపిస్తారు? అప్పుడు ఒక ఉపాయం చేశారు. ఛాసిస్, ఇంజను కెనడా నుంచి ఓడల మీద తెప్పించారు. గుండు దూరని ఉక్కు పలకలు టాటా స్టీల్‌లో తయారు చేశారు. ఆ పలకలతో పైపెట్టెను రైల్వే వర్క్‌షాపులో కట్టారు. అలా పుట్టినదే ‘ఆర్మర్డ్ క్యారియర్, వీల్డ్, ఇండియన్ ప్యాటర్న్’. అంత పొడుగు పేరు ఎవరి నోట పలుకుతుంది? జవాన్లకు అది ‘టాటానగర్’ మాత్రమే. 1940 నుంచి 1944 వరకు నాలుగున్నర వేలకు పైగా బళ్లు తయారయ్యాయి. బ్రెన్ గన్, బాయ్స్ యాంటీ ట్యాంక్ రైఫిల్ పెట్టుకొని ఉత్తర ఆఫ్రికా, ఇటలీ, బర్మా రంగాల్లో తిరిగాయి. ట్యాంకుకు ఎదురు నిలిచే బండి కాదది. శత్రువు జాడ చూసి కబురు తెచ్చే బండి.

ఒకే ఆవరణ, ఎన్ని పనులు

పైపెట్టెలు కట్టిన ఆ రైల్వే వర్క్‌షాపు కథ కూడా తెలుసుకోదగ్గదే. 1920లలో రైలింజన్లు తయారు చేద్దామని పెనిన్సులర్ లోకోమోటివ్ కంపెనీ ఈ ఊళ్లో షెడ్లు కట్టింది. ఆ కంపెనీ నిలవలేదు. ఆ షెడ్లను ప్రభుత్వం తీసుకుని ఈస్ట్ ఇండియన్ రైల్వేకి ఇచ్చింది. యుద్ధంలో అక్కడ కవచ బళ్లు కట్టారు. యుద్ధం ముగింపుకొచ్చిన 1945లో టాటాలు ఆ వర్క్‌షాపును కొన్నారు. అదే టెల్కో. 1948లో ఇంగ్లండ్‌కు చెందిన మార్షల్ కంపెనీ సహకారంతో స్టీమ్ రోడ్డు రోలర్లు, ఆ తరువాత మీటర్ గేజ్ రైలింజన్లు చేశారు. 1954లో జర్మనీకి చెందిన డైమ్లర్ బెంజ్‌తో 15 సంవత్సరాల ఒప్పందం కుదిరింది. అదే సంవత్సరం అక్టోబరులో మొదటి టాటా మెర్సిడెస్ బెంజ్ లారీ బయటకు వచ్చింది. మన ఫౌజులో ‘టి.ఎం.బి.’ అని పిలిచేది దాన్నే. 1969లో ఒప్పందం ముగిసింది. ముక్కు మీద మూడు కోణాల నక్షత్రం పోయి, వృత్తంలో ‘టి’ గుర్తు వచ్చింది. 2003లో కంపెనీ పేరు టాటా మోటార్స్ అయింది.

ఈ సంవత్సరాలన్నీ ఎందుకు రాస్తున్నానంటే, పాత బండిని బాగుచేసేవాడికి మొదటి పనిముట్టు స్పానర్ కాదు, సంవత్సరం. 1962 నాటి లారీ మీద ‘టి’ గుర్తు ఉంటే తప్పు. 1972 నాటి దాని మీద నక్షత్రం ఉన్నా తప్పే.

బండి ఎందుకు అబద్ధం చెబుతుంది

ఫౌజు బండి ఒక్కసారి పుట్టి ఊరుకోదు. ప్రతి ఇన్‌స్పెక్షన్‌కీ ఒక కోటింగ్ పెయింటు పడుతుంది. దీపం పగిలితే డిపోలో ఏది దొరికితే అది బిగిస్తాం. ఒక బండిని క్యానిబలైజ్ చేసి ఇంకో బండిని నడిపిస్తాం. బండి రోడ్డు మీద ఉండాలి, అదే మన ధర్మం. కానీ ముప్పై, నలభై ఏళ్ల తరువాత ఆ బండిని యూనిట్ గేటు దగ్గర దిమ్మె మీద నిలబెట్టినప్పుడు, అది ఏ ఒక్క సంవత్సరపు బండీ కాదు. ముక్కు ఒక కాలానిది, మడ్‌గార్డు ఇంకో కాలానిది. దాని ముందు నిలబడి ఫోటో తీయించుకునే రిక్రూటు మాత్రం, 1965లో మా వాళ్లు ఇలాంటి బండిలోనే వెళ్లారని నమ్ముతాడు. అది అతని తప్పు కాదు.

అందుకే ఫోటో కావాలి. అందులోనూ ఫ్యాక్టరీ ఫోటో కావాలి. యుద్ధరంగంలో తీసిన ఫోటోలో బండి మీద జెర్రీక్యాన్లు, ఇసుకలో వేసే పలకలు, పరుపుచుట్టలు, టీ కెటిలు కూడా వేలాడుతుంటాయి. అది బండి బతికిన బతుకు. ఫ్యాక్టరీ ఫోటో చెప్పేది బండి పుట్టుక. రెండూ నిజమే. మనం ఏ రోజు నాటి బండిని నిలబెడుతున్నామో ముందు తేల్చుకోకపోతే, రెండు నిజాలు కలిపి ఒక అబద్ధం తయారవుతుంది.

ఫోటోని ఎలా ప్రశ్నించాలి

కోర్ట్ ఆఫ్ ఎంక్వయిరీలో సాక్షిని ఎలా అడుగుతామో ఫోటోని కూడా అలాగే అడగాలి. నేను పాటించే వరుస ఇది.

మొదటిది, ఎక్కడ, ఎప్పుడు తీశారు? టాటా మెర్సిడెస్‌కు అక్కచెల్లెళ్లు జర్మనీలో ఉన్నాయి. చాలామంది జర్మన్ ఫోటో చూసి మన బండిని బాగుచేస్తారు. స్టీరింగు ఎటు ఉందో చూస్తే సగం తేలిపోతుంది. మనది కుడి వైపు. అయితే ప్రింటు వేసేటప్పుడు నెగటివ్ తిరగబడితే ఎడమది కుడి అవుతుంది. అందుకని బోర్డు మీద గాని, టైరు మీద గాని అక్షరాలు సరిగ్గా చదవబడుతున్నాయా అని చూడాలి. వెనకాల ఉన్న షెడ్డు కప్పు, క్రేను, మనుషుల దుస్తులు కూడా ఊరు పేరు చెబుతాయి.

రెండవది, ఎందుకు తీశారు? ప్రచారం కోసం తీసిన ఫోటోలో వెనకాల ఉన్నదంతా తెల్ల రంగుతో చెరిపేసి, అంచులకు బ్రష్షుతో మెరుగులు దిద్దేవారు. ఆ బ్రష్షు కింద ఒక బోల్టు, ఒక రివెట్టు మాయమైపోవచ్చు. పైగా ప్రచారానికి నిలబెట్టింది నమూనా బండి కావచ్చు. అందరికీ వెళ్లిన బండి దానిలాగే ఉండాలని లేదు. లైన్ మీద పని జరుగుతుండగా తీసిన ఫోటో అంత అందంగా ఉండదు గాని, సాక్ష్యానికి అదే మేలు. దాంట్లో వరుసగా నాలుగైదు బళ్లు కనిపిస్తాయి. ఐదింటికీ ఒకే చోట బ్రాకెట్ ఉందంటే అది అసలుదే.

మూడవది, రంగు. ఇక్కడే ఎక్కువమంది మోసపోతారు. బ్లాక్ అండ్ వైట్ ఫోటో చూసి రంగు చెప్పకూడదు. పాతకాలంలో ఆర్థోక్రోమాటిక్ అనే ఒక రకం ఫిల్ము ఉండేది. దానికి ఎరుపు తెలియదు. ఎరుపు దాంట్లో నల్లగా పడుతుంది, నీలం వెలిసిపోయినట్లు పడుతుంది. మన 4వ ఇండియన్ డివిజన్ గుర్తు నల్లటి చదరం మీద ఎర్ర గద్ద. అలాంటి ఫిల్ము మీద తీస్తే ఆ గద్ద నలుపులో కలిసిపోతుంది. ఖాళీ నల్లచదరం చూసి ‘గుర్తు లేదు’ అని రాసేస్తే ఒక డివిజన్ చరిత్రే చెరిగిపోతుంది. రంగు కోసం ఫోటో దగ్గరికి కాదు, బండి దగ్గరికే వెళ్లాలి. డాష్‌బోర్డు వెనకాలో, సీటు కిందో, ఎండ తగలని చోట ఎమరీ పేపరుతో రూపాయి బిళ్లంత మేర నెమ్మదిగా రుద్దితే, చెట్టు వలయాల్లాగా పెయింటు పొరలన్నీ బయటపడతాయి. అన్నిటికంటే అడుగున ప్రైమర్, దాని మీదున్నది మొదటి రంగు.

నాలుగవది, కొలత. బండి సరిగ్గా పక్క నుంచి కనిపించే ఫోటో దొరికితే కొలత కూడా తీయవచ్చు. ముందు మన దగ్గరున్న అసలు రిమ్మును అంచు నుంచి అంచుకి టేపుతో కొలవాలి. అది 18 అంగుళాలు వచ్చిందనుకుందాం. ఫోటోలో అదే రిమ్ము 3 సెంటీమీటర్లు, టూల్ బాక్సు 4 సెంటీమీటర్లు ఉంటే, టూల్ బాక్సు అసలు పొడవు 24 అంగుళాలన్నమాట. రెండూ కెమెరాకు ఒకే దూరంలో ఉంటేనే ఈ లెక్క పనికొస్తుంది. ఏటవాలుగా తీసిన ఫోటోతో ఈ లెక్క వేయకూడదు.

ఐదవది, ఇనుము కూడా ఒప్పుకోవాలి. ఫోటోలో బ్రాకెట్ కనిపిస్తే, బండి మీద ఆ చోట బెజ్జం గాని, వెల్డింగుతో పూడ్చిన మచ్చ గాని ఉండాలి. ఫోటో, ఇనుము రెండూ ఒకటే మాట చెబితే పని మొదలుపెట్టవచ్చు. చెప్పకపోతే ఆగాలి. టాటానగర్ కవచ బండి విషయంలో ఇది మరీ ముఖ్యం. అవి మార్కు మార్కుకీ మారాయి. తొలి రకాలు పైన తెరిచి ఉండేవి, తరువాత టరెట్ వచ్చింది. ఒక మార్కు ఫోటో చూసి ఇంకో మార్కు బండికి తలుపు కోస్తే, దాన్ని బాగుచేయడం అనరు.

ఫోటోకి తెలియని సంగతి

కొన్నేళ్ల కిందట ఒక పాత టి.ఎం.బి. లారీ క్యాబిన్ విషయంలో మాలో మాలో పెద్ద చర్చ జరిగింది. ఫ్యాక్టరీ ఫోటోలు ఎన్ని వెతికినా ఆ క్యాబిన్ ఎక్కడా కనిపించలేదు. ‘ఇది నకిలీ, తీసెయ్యండి’ అన్నవారు కూడా ఉన్నారు. అప్పుడు టెల్కోలో పనిచేసి రిటైర్ అయిన ఒక శ్రీకాకుళం పెద్దాయన దగ్గరికి ఫోటో పట్టుకెళ్లాను. ఆయన కళ్లజోడు సర్దుకుని చూసి నవ్వారు.

“క్యాబినేటి బావూ? మా కాడ క్యాబిన్ ఉండీది కాదు. ఛాసిస్‌కి ముందు మొగం పెట్టి పంపీసీవోళ్లం. డ్రైవరు మూతికి తువ్వాలు కట్టుకొని, ఎండలో ఆరుబయటే కూకొని తోలుకుపోయీవోడు. క్యాబిను, బాడీ ఏ ఊరోడు ఆ ఊర్లో కట్టించుకునీవోడు.”

అంతే, సంగతి విడిపోయింది. ఆ రోజుల్లో మన దేశంలో లారీలు ఎక్కువగా ఛాసిస్‌గానే అమ్ముడయ్యేవి. చెక్క క్యాబిన్ కట్టడం వడ్రంగి పని, ఊరూరికీ ఒక తీరు. ఫ్యాక్టరీ ఫోటోలో లేనంత మాత్రాన అది అబద్ధం కాదు. ఫ్యాక్టరీ గేటు దాటిన తరువాతి సంగతి ఫ్యాక్టరీ ఫోటోకి తెలియదు. సాక్షికి తెలిసినంత వరకే సాక్షిని అడగాలి. మేము ఆ క్యాబిన్ తీయలేదు.

పేరు లేని మనుషులు

ఆ పెద్దాయన ఫోటో చూస్తూ బండి గురించి రెండు నిమిషాలే మాట్లాడారు. మిగతా గంటంతా బండి పక్కన నిలబడ్డ మనుషుల గురించే మాట్లాడారు. వీడు ఫలానా షాపు ఫిట్టరు, ఆయన మా ఊరి వెల్డరు అంటూ ఒక్కొక్కరినీ వేలితో చూపించారు. ఆ ఫోటో వెనకాల ఒక్క పేరూ రాసి లేదు. బండి మోడలు మాత్రం రాసి ఉంది.

శ్రీకాకుళం, విజయనగరం, విశాఖ జిల్లాల నుంచి పొట్ట చేతపట్టుకొని జంషెడ్‌పూర్ వచ్చి, తరాల తరబడి ఇక్కడే స్థిరపడ్డ తెలుగు కుటుంబాలు ఎన్నో ఉన్నాయి. వారి ఇళ్లలో ట్రంకుపెట్టె అడుగున రిటైర్‌మెంటు రోజు గ్రూపు ఫోటో, విశ్వకర్మ పూజ రోజు షాపులో మిషను ముందు తీసిన ఫోటో ఉంటాయి. వెనకాల లీలగా ఒక ఛాసిస్, ఒక బానెట్ కనిపిస్తుంది. ఇంట్లో వాళ్లకు అది తాతగారి ఫోటో. బండి బాగుచేసేవాడికి అది దొరకని ఆధారం. ఇల్లు మారేటప్పుడు, పెద్దలు పోయినప్పుడు ఇలాంటివే ముందుగా చెత్తలోకి వెళ్తున్నాయి. బండి విరిగితే అతికించవచ్చు. ఫోటోలో ఉన్న మనిషి పేరు ఒకసారి పోతే ఏ వర్క్‌షాపూ తయారు చేయలేదు.

అందుకని సర్వీసులో ఉన్న సోదరులకూ, రిటైర్ అయిన పెద్దలకూ నా మనవి ఇది. మీ యూనిట్ గేటు దగ్గర పాత బండికి రంగు వేసే ముందు నాలుగు వైపులా ఫోటోలు తీయండి. ఏ భాగం అసలుది, ఏది మనం కొత్తగా చేసి పెట్టింది అని ఒక రిజిస్టరులో రాయండి. తెలియని చోట ‘తెలియదు’ అని రాయడానికి సిగ్గుపడకండి. ఇంట్లో పాత ఫోటోలుంటే వెనకాల మెత్తటి పెన్సిలుతో పేరు, ఊరు, షాపు లేదా యూనిట్, సంవత్సరం రాయండి. బాల్ పెన్నుతో రాస్తే ముందు వైపుకి గాట్లు పడతాయి. ఆ పేర్లు చెప్పగలిగే పెద్దవాళ్లు ఉన్నప్పుడే అడగండి.

టాటానగర్ బండి ఎక్కి ఇటలీ కొండల్లో తిరిగిన సిపాయి, దాని ఉక్కు పలక కోసిన కార్మికుడు ఒకరినొకరు ఎన్నడూ చూసుకోలేదు. ఇద్దరినీ కలిపింది ఆ బండే. దాన్ని నిలబెట్టే మనం ఇద్దరికీ అన్యాయం చేయకుండా నిలబెడదాం.

జై హింద్.